బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదివి ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తున్నాను. తెలుగు అక్షరాలు రాయడం మీద బతకొచ్చా?

గోదారిగీత (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆంధ్రా యూనివర్సిటీలో బీఎఫ్ఏ పెయింటింగ్ చేశాను. వైజాగ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయిల్ కలర్లు, పోర్ట్రెయిట్లు, బీచ్‌లో స్కెచింగ్ అంటూ హాయిగా గడిచిపోయింది. డిగ్రీ అయ్యాక ఊరొచ్చి ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేరాను. జీతం పద్నాలుగు వేలు. కోరల్‌డ్రా, ఫోటోషాప్, అను తెలుగు ఫాంట్లు, ఇదే లోకం. పొద్దున పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యాహ్నం ఓణీల ఫంక్షను, సాయంత్రం ఎవరిదో పెద్దకర్మ. ఏ నాయకుడిదైనా పుట్టినరోజు వచ్చిందంటే ఒక్క ఫ్లెక్సీలో నలభై తలకాయలు కట్ చేసి అతికించాలి. ఎవరి తల ఎవరి తలకంటే పెద్దగా ఉండాలో కస్టమర్ నా పక్కనే కుర్చీ వేసుకుని చెబుతాడు. నవ్వకండి, దీని మీద షాపులో గొడవలు కూడా అయ్యాయి.

నాకు బాగా వచ్చింది అక్షరాలు రాయడం. మా నాన్న గోడల మీద, లారీల మీద పేర్లు రాసేవారు. ఆయన గీసిన ఔట్‌లైన్లలో రంగు నింపుతూ పెరిగాను. షాపులో ఖాళీ దొరికితే బ్రష్ పెన్నుతో తెలుగు పేర్లు రాసి, స్కాన్ చేసి, కోరల్‌లో నోడ్లు (గీత వంపుల దగ్గరి చుక్కలు) సరిచేసుకుంటాను. పెళ్ళి బోర్డులకి ఇప్పుడు కొందరు "ఆ చేత్తో రాసినట్టుండేది" కావాలని అడుగుతున్నారు. దానికి ఓనరు గారు విడిగా డబ్బు తీసుకుంటున్నారు, నాకైతే అందులో పైసా లేదు.

ఇక ఇంట్లో తలా ఒక మాట. నాన్న డ్రాయింగ్ టీచర్ అవ్వమంటారు. మా మేనత్త కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అమీర్‌పేటలో యూఐ యూఎక్స్ (యాప్‌ల స్క్రీన్లు డిజైన్ చేయడం) కోర్సులో చేరమంటాడు, ఫీజు డెబ్బై వేలట. నాతో చదివినవాడు ఒకడు యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు వేస్తున్నాడు, నువ్వూ వచ్చెయ్ అంటాడు. ఇంకో ఫ్రెండు ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) ఎంట్రన్స్‌కి చదువుతోంది. అమ్మ మాత్రం ఏదో ఒకటి తొందరగా తేల్చుకుంటే సంబంధాలు చూస్తానంటోంది. మొన్న ఆదివారం నాన్నతో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే ఆయన అన్నారు కదా, "ఆయన ముప్ఫై కూడా నిండకుండానే పోయాడు, బొమ్మలు ఇక్కడున్నాయి. నీ బొమ్మలేమో కరెంటు స్తంభాలకి వేలాడుతున్నాయి" అని.

తెలుగు అక్షరాల మీద బతకొచ్చా, లేక దాన్ని సరదాగా పక్కన పెట్టుకుని వేరే ఉద్యోగం చూసుకోవాలా? మీ మనసుకి నచ్చింది చెయ్యండి లాంటి సలహాలు వద్దండీ. నెల మొదట్లో ఇంట్లో కొంత ఇవ్వాలి నేను.

డ్రాయింగ్‌మాస్టారు (భీమవరం వైపు)

అమ్మా, మీ నాన్నగారి మాట కొట్టెయ్యను గానీ, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2025 మెగా డీఎస్సీలో, అంటే మన రాష్ట్రంలో టీచర్ల భర్తీలో, 16,347 పోస్టులు. ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు), స్కూల్ అసిస్టెంట్, టీజీటీ (హైస్కూల్ టీచరు), పీజీటీ (ఇంటర్‌కి చెప్పే టీచరు), ప్రిన్సిపల్, పీఈటీ (ఆటల టీచరు), ఇవీ అందులోని వర్గాలు. డ్రాయింగ్ టీచర్ అని విడిగా వర్గమే లేదు. మా తరంలో ఉండేవి, రిటైరైన వాళ్ళ ఖాళీలు అలాగే ఉండిపోతున్నాయి. తెలంగాణలో 2023 గురుకులాల నోటిఫికేషన్‌లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్లకి పోస్టులు వచ్చాయి. అలాంటివి ఎప్పుడో ఒకసారి పడతాయి.

వంద మంది దాటిన అప్పర్ ప్రైమరీ బడిలో ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే రాశారు. ఆ లెక్కన తీసుకునేవి కాంట్రాక్టు ఉద్యోగాలు, ఏటా రెన్యువల్ టెన్షన్. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ ఆర్ట్ ఎడ్యుకేషన్ మాత్రం మంచి ఉద్యోగం. లెవెల్ 7, మూల వేతనం 44,900. దాని మీద ఒక కన్నేసి ఉంచు.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) ట్రైనింగ్ చేసి పెట్టుకో. ఖర్చు తక్కువ, సర్టిఫికెట్ చేతిలో ఉంటే ప్రైవేటు స్కూళ్ళలోనూ అడుగుతారు. అంతేగానీ నోటిఫికేషన్ కోసం ఉద్యోగం మానేసి కూర్చోవద్దు. అలా కూర్చున్న పిల్లల్ని చూశాను.

నిద్రరాదు99

ఏఐ వచ్చేశాక కూడా ఇంకా డిజైన్ కెరీర్ ఏంటండీ. రెండు లైన్లు టైప్ చేస్తే పోస్టర్ వచ్చేస్తోంది.

పిక్సెల్‌పిల్లోడు (హైదరాబాద్)

@నిద్రరాదు99 వచ్చిన పోస్టర్లో తెలుగు ఒత్తులు ఎక్కడున్నాయో ఒకసారి వెతికి చూడండి.

గీత గారూ, నేను ప్రొడక్ట్ డిజైనర్‌ని, అంటే యాప్‌ల స్క్రీన్లు ఎలా ఉండాలో చూసేవాణ్ణి. హైదరాబాద్‌లోని ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్ చదివాను. ఆ డెబ్బై వేలు కట్టకండి. స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా మొదలుపెట్టడానికి ఉచితం, నేర్పే వీడియోలు బోలెడు. 2023 నుంచి కొత్తవాళ్ళకి ఈ రంగంలో దారి బాగా ఇరుకైంది. మూడు నెలల కోర్సు చేసిన వాళ్ళంతా ఒకే ఫుడ్ డెలివరీ యాప్‌ని రీడిజైన్ చేసి పోర్ట్‌ఫోలియోలో పెడుతున్నారు. చూసీ చూసీ మాకు విసుగొచ్చేసింది.

మీ దగ్గర వాళ్ళెవరి దగ్గరా లేనిది ఉంది. మీ షాపుకి ఆర్డర్లు ఎలా వస్తాయి? వాట్సాప్‌లో వాయిస్ మెసేజు, మసగ ఫోటో, పేర్లలో తప్పులు. పెద్దకర్మ ఫ్లెక్సీలో చనిపోయినాయన పేరు తప్పు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గందరగోళం తగ్గేలా తెలుగులో ఒక ఆర్డర్ ఫారం చేయండి. ఫోన్లో నింపేది, పేరు రెండుసార్లు చూపించి సరేనా అని అడిగేది. మీ షాపు కస్టమర్ల చేతే వాడించి, ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. ఇంటర్వ్యూలో నేనైతే దాని గురించి గంటసేపు అడుగుతాను. కానీ రోజంతా స్క్రీన్లు, మీటింగులు, బటన్ ఎక్కడుండాలో వాదనలు, ఇదీ ఈ పని. చేత్తో రాయడమే ఇష్టమైతే ఏడాదిలో విసుగొస్తుంది మీకు.

సుద్దముక్క (ముంబై, ఊరు ఖమ్మం)

ఎం.డెస్. గురించి నాలుగు మాటలు. దానికి ఎంట్రన్స్ అయిన సీడ్ పరీక్ష రాయడానికి ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ళ డిగ్రీ చాలు. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఏటా జనవరిలో జరుగుతుంది. పార్ట్ ఎ కంప్యూటర్ మీద, పార్ట్ బి కాగితం మీద చేత్తో గీయాలి. బీఎఫ్ఏ వాళ్ళకి పార్ట్ బి భయం ఉండదు, పార్ట్ ఎ లోనే జారిపోతారు. ముందు దాంట్లో గట్టెక్కితేనే పార్ట్ బి దిద్దుతారు. కాబట్టి లెక్కలు, తిప్పిన ఆకారాలు, పరిశీలన ప్రశ్నలు ఇప్పటి నుంచే చేయండి.

ఐఐటీ బాంబేలోని ఐడీసీ అనే డిజైన్ స్కూలు 1969 నుంచి ఉంది. విండోస్‌లో హిందీకి వాడిన మంగళ్ ఫాంటు రూపొందించిన ఆర్.కె. జోషీ గారు అక్కడ పాఠాలు చెప్పారు. అక్షరాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఆ వాతావరణం వేరు. ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ విభాగం ఉంది, ఇంటికి దగ్గర. రెండేళ్ళు జీతం లేకుండా ఇంట్లో గడుస్తుందా అనేది మీరే చూసుకోవాలి. ఉద్యోగం చేస్తూనే ఒకసారి రాసి చూడండి, పోయేదేం లేదు, ఫీజు తప్ప.

తలకట్టు (విజయవాడ)

అమ్మాయ్, నేను మీ నాన్న బాపతు వాణ్ణే. గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసే గురువుగారి దగ్గర బ్రష్షులు కడుగుతూ మొదలుపెట్టాను. గుడ్డ మీద గళ్ళు కొట్టి చిన్న ఫోటోలోంచి ఇరవై అడుగుల మొహం పెంచడం అక్కడే నేర్చుకున్నా. 2000 దాటాక ఫ్లెక్సీ ప్రింటర్లు దిగాయి, కొన్నేళ్ళకే మా లైను ఖాళీ అయిపోయింది. కొందరు ఇళ్ళకి రంగులు వేయడానికి పోయారు, ఒకాయన ఆటో కొనుక్కున్నాడు. నేను కోరల్‌డ్రా నేర్చుకున్నా. ఏఐ అని ఎవరో పైన అన్నారుగా, ఆయనకిది. అప్పుడు మిషన్ మా దగ్గర్నుంచి మొహాలు లాక్కుంది. అక్షరం బాగుండాలని అడుగుతూ వచ్చేవాడు మాత్రం ఇప్పటికీ వస్తున్నాడు.

ఉద్యోగాల పేర్ల సంగతి వదిలెయ్. అక్షరానికి ఎవరు డబ్బిస్తారో చెబుతాను.

సినిమా టైటిల్స్ అందరికీ కావాలి. హైదరాబాద్‌లో పబ్లిసిటీ డిజైన్ చేసే ఆఫీసులు ఉన్నాయి, వాటిల్లోకి మనిషి తెలిస్తేనే దారి. ఒక టైటిల్‌కి ముప్ఫై రకాలు గీయిస్తారు, చివర్లో సినిమా పేరే మార్చేస్తారు. డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. చేతికొస్తే చెయ్, దాని మీద ఇంటద్దె పెట్టుకోకు. పుస్తకాల ముఖచిత్రాలు గౌరవం, డబ్బు తక్కువ. పెళ్ళి కార్డులు, పెళ్ళి బోర్డులు నీకు తెలిసినవే, ముహూర్తాలున్నన్నాళ్ళు పండగ, మూఢాల్లో ఖాళీ.

నా బతుకు నిలబెట్టింది పచ్చళ్ళ సీసా. నవ్వులాట కాదు. నువ్వు కూర్చున్న చోటు చూడు. పక్కన ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, ఆ పక్క కాకినాడ కాజా, ఇక పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు ఇంటింటా. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేకం అనే గుర్తింపు, కూడా వచ్చింది. ఆ డబ్బాలన్నీ వరసగా పెట్టి చూడు. అదే ఎరుపు, అదే పసుపు, అదే అను ఫాంటు, దాని చుట్టూ ఒక తెల్ల అంచు. అమెరికాలో కొడుక్కి పంపే తల్లి దగ్గర్నుంచి షోరూం పెట్టేవాడి దాకా తన డబ్బా వేరేగా కనపడాలని ఉంది. వేరేగా ఎలా చేయాలో తెలిసినవాడు దొరకడం లేదు.

ఇక్కడ అక్షరం ఒక్కటే వస్తే చాలదు. తినే వస్తువు లేబుల్ అంటే చట్టం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, దినుసులు, పోషకాల పట్టిక, బ్యాచ్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్నీ పడాలి. నికర బరువు అంకెలు ఎంత ఎత్తుండాలో కూడా 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్‌లో ఉంది. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి హిందీలోనో ఉండాలి, తెలుగు దానికి అదనంగా వేసుకోవచ్చు. అంటే ముందు వైపు నీ చేతి తెలుగు పెద్దగా, వెనక వైపు ఇంగ్లీషు చీమల బారు. ఆ రెండూ ఒకే డబ్బాలో కుదిర్చినవాళ్ళ దగ్గరికే మనిషి మళ్ళీ వస్తాడు. మామిడికాయ లేబుల్ చేయించుకున్నవాడు గోంగూర, ఉసిరి, పండుమిరప అని వస్తూనే ఉంటాడు. ఒక్క కస్టమర్‌తో రెండేళ్ళు పని నడుస్తుంది.

ప్రింటింగ్ కూడా తెలియాలి. నువ్వు ఫ్లెక్సీ షాపులో ఉన్నావు కాబట్టి సగం తెలుసు. పౌచ్ మీద నేరుగా ప్రింట్ చేయాలంటే గ్రావ్యూర్ అనే పద్ధతి, రంగుకొక సిలిండర్ చెక్కించాలి. చిన్నవాడు అంత పెట్టలేడు, అందుకే ఖాళీ పౌచ్ కొని స్టిక్కర్ అతికిస్తాడు. వాడికి నాలుగు రంగుల బొమ్మ గీసిచ్చి లాభం లేదు. ఒకటి రెండు రంగుల్లోనే అందంగా ఉండేలా అక్షరం రాసివ్వు. రేపు వాడు పెద్దవాడై సిలిండర్లకి వెళ్ళినా ఖర్చు తగ్గుతుంది, నిన్ను తలుచుకుంటాడు. అట్టపెట్టె అయితే ఆఫ్‌సెట్ ప్రింటింగ్, పెద్ద ఆర్డరు శివకాశికి పోతుంది. డై లైన్ (పెట్టె కత్తిరింపు, మడతలు చూపే గీతలు) మీద మడత ఎక్కడొస్తుందో చూసుకోవాలి, లేకపోతే పూతరేకులులోని కొమ్ము మడతలోకి పోయి ఇంకేదో అవుతుంది.

ఫాంట్ల సంగతి. నీలాంటి వాళ్ళందరికీ సొంత ఫాంటు చేయాలని ఉంటుంది. చెయ్, కానీ మొదటి ఏడాది కాదు. ఇంగ్లీషుకైతే ఇరవయ్యారు అక్షరాలు, చిన్నవీ పెద్దవీ గీస్తే దాదాపు అయిపోయినట్టే. మనకి గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద ఒత్తు, వందల ఆకారాలు. పైగా గీసింది గీసినట్టు కూర్చోదు, ఏ అక్షరం పక్కన ఏ ఒత్తు ఎక్కడికి జరగాలో ఫాంటు లోపల రూల్స్ రాయాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, ధూర్జటి ఉన్నాయి చూడు, పురుషోత్ కుమార్ గుత్తుల గారు గీసినవి. ఉచితంగా దించుకుని, ఫాంట్లు చేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి లోపల చూడు, అది కూడా ఉచితమే. అంత కంటే మంచి బడి లేదు. ఇంకొకటి, అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతి) కాదు, వెబ్‌సైట్లో పెడితే చెత్తగా కనిపిస్తుంది. ఇప్పుడు ప్రతి కస్టమరూ అదే మ్యాటర్ ఆన్‌లైన్‌లోనూ కావాలంటాడు. యూనికోడ్‌లో టైప్ చేయడం ఈ నెలలోనే అలవాటు చేసుకో.

చివరిగా ఆ ఓనరు సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని యజమానిదే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. షాపులో, షాపు కంప్యూటర్ మీద రాసిన పేర్ల మీద నువ్వు హక్కు అడగలేవు. అలాగని ఊరుకోకు. చేతిరాత ఆర్డరు ఒక్కోదానికి ఇంత అని నాకివ్వండి అని అడుగు. వచ్చే కస్టమర్ నీ చేతి కోసం వస్తున్నాడని ఆయనకీ తెలుసు. పోర్ట్‌ఫోలియోకి కావాల్సినవి మాత్రం ఇంట్లో, నీ సొంత కాగితం మీద రాయి.

గోదారిగీత (రాజమండ్రి)

బాబాయ్ గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. గాంధీనగర్ అనగానే ఆయన ఒక అరగంట పాత బ్యానర్ల గురించే చెప్పారు. మీ గురువుగారి పేరు అడగమంటున్నారు, మెసేజ్ చేస్తాను.

మాస్టారూ, లోయర్ పరీక్షకి నోటిఫికేషన్ చూస్తున్నాను. పిక్సెల్ గారూ, ఆర్డర్ ఫారం ఆలోచన భలే ఉంది, ఉద్యోగానికి కాకపోయినా మా షాపుకే పనికొస్తుంది. స్టూడియోలో ఉన్న ఫ్రెండుతో మాట్లాడాను. బ్యాక్‌గ్రౌండ్లు ఒక స్టైల్ గైడ్ ప్రకారం వేయాలి, రోజుకి ఇన్ని అని టార్గెట్ ఉంటుందట. తలకాయలు అతికించడం పోయి చెట్లు అతికించడం వస్తుందేమో అనిపించి అది పక్కన పెట్టాను.

మా వీధిలో ఒక ఆంటీ పొడులు చేసి అమ్ముతారు, కందిపొడి, కరివేపాకు పొడి, నల్ల కారం. తెల్ల స్టిక్కర్ మీద పెన్నుతో రాసి అతికిస్తారు. ఆవిడకి ఊరికే చేసిస్తానంటే సంతోషంగా ఒప్పుకున్నారు. ఊరికే చేయొచ్చా? ఆ తర్వాత వచ్చేవాళ్ళని ఎంత అడగాలి?

తలకట్టు (విజయవాడ)

ఊరికే చెయ్యకు. ఆవిడ దగ్గర డబ్బు లేకపోతే పొడులు తీసుకో, అయినా బిల్లు రాసివ్వు. ఊరికే చేసిన పనికి పన్నెండుసార్లు మార్పులు అడుగుతారు, డబ్బు పెట్టినవాడు రెండోసారికే సరే అంటాడు. ముందు ఆవిడ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకున్నారో లేదో కనుక్కో. లేకపోతే మీసేవకో, ఆన్‌లైన్ చేసే సెంటర్‌కో పంపు, నంబరు వచ్చాకే లేబుల్ మొదలుపెట్టు.

బయటివాళ్ళని ఎంత అడగాలంటే, గంటల లెక్క వద్దు. ప్రింటింగ్‌కి వాడు ఎంత పెడుతున్నాడో అడుగు. వెయ్యి స్టిక్కర్లు వేయించేవాడూ, లక్ష పౌచ్‌లు వేయించేవాడూ ఒకే ధర ఇవ్వకూడదు. సగం అడ్వాన్సు, మిగతా సగం ఫైల్ ఇచ్చేముందు. రెండు సార్ల మార్పులు ధరలోనే, మూడోసారి నుంచి విడిగా. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అంత వచ్చినప్పుడు చూసుకుందాం.

ఫైనల్ ప్రూఫ్ (ప్రింటుకి ముందు చూపే కాపీ) మీద "అన్నీ చదివాను, సరే" అని కస్టమర్ చేత వాట్సాప్‌లో రాయించుకో. సిలిండర్లు చెక్కాక అక్షరదోషం బయటపడితే ఆ ఖర్చు ఎవరిదో అందులోనే ఉండాలి. ఆ మాట లేకుండా ప్రింటర్‌కి ఫైలు పంపకు, సొంత మేనమామ ఆర్డరైనా సరే.

గోదారిగీత (రాజమండ్రి)

రాసుకున్నాను బాబాయ్ గారూ. ఆంటీకి రిజిస్ట్రేషన్ లేదట, సోమవారం నేనే తీసుకెళ్తున్నాను. ఈలోగా "కందిపొడి" నాలుగు రకాలుగా రాశాను, రేపు ఇక్కడ పెడతాను. సున్నా మరీ పెద్దదైందేమో చూసి చెప్పండి.